నాలుగు బట్టీల పుస్తకాలు

నరసరావుపేటలో సల్మాన్ బైకుల షెడ్డు పైనున్న గది తలుపు మీద 'ఫిర్దౌస్, ప్రైవేటు డిటెక్టివ్' అని రాసి ఉంది. ప్రేమకుమారి ఆ అక్షరాలను రెండుసార్లు కూడబలుక్కుంటూ చదివింది. తలుపు తట్టాలా వద్దా అని తేల్చుకునేలోపే కాళ్లు గడప దాటేశాయి.

"మా పిల్లని జైల్లో పెడతారంటమ్మా, సాయంత్రం ఐదింటికి," అంది నిలబడే.

బల్ల వెనక ఉన్న ఫిర్దౌస్‌కు నలభై అయిదేళ్లుంటాయి. పదిహేనేళ్లు వకీలు దగ్గర గుమాస్తాగా చేసి, కోర్టు మెట్ల మీద అబద్ధాలూ నిజాలూ రెండూ తగినన్ని విన్న మనిషి. ఆమె తల ఊపగానే సహాయకుడు జయకర్ కుర్చీ లాగాడు, నోటుబుక్కు తెరిచాడు.

"ముందు కూర్చోండి అక్కా. ఐదింటికి ఇంకా చానా టైముంది. ఏం పోయింది?" అడిగింది ఫిర్దౌస్.

"నాలుగు పుస్తకాలంట. పాతయి, అట్టలూడినయి. బంగారం పోయినా ఇంత గోల ఉండదమ్మా!"

ఏడుపు ఆపుకుంటూ, చెప్పింది మళ్లీ చెబుతూ, మొత్తానికి చెప్పుకొచ్చింది. తాను ఇంట్లో బట్టలు కుడుతుంది. భర్త లారీ మీద ఒరిస్సా వెళ్లాడు. ఒక్కతే కూతురు ప్రిస్కిల్లా రెండేళ్లుగా పిడుగురాళ్లలో ఒక సున్నం కంపెనీలో అకౌంట్లు చూస్తోంది. ఆ కంపెనీలో వాటా కొనడానికి ఒక విదేశీ సంస్థ వచ్చింది. లెక్కలన్నీ అంతర్జాతీయ ఆర్థిక నివేదికల ప్రమాణాలకు మార్చి చూపిస్తేనే కొంటామంది. ఆ మార్పు పని సగం ప్రిస్కిల్లా నెత్తినే పడింది. నిన్న ఆమె బీరువాలోంచి నాలుగు పుస్తకాలు మాయమయ్యాయి. తాళంచెవి ఆమె దగ్గరే ఉంది, తాళం వేసినట్టే ఉంది. పక్క కంపెనీ వాళ్లకు అమ్ముకుందని, ఐదింటికల్లా దొరక్కపోతే పోలీసు కేసు పెడతానని మేనేజరు అంటున్నాడు.

"కేసు పెట్టాక నా బిడ్డకి ఇంకెవరు ఉద్యోగమిస్తారు? ఆ ఫారిన్ లెక్కలొద్దే అని నేను మొదట్నుంచీ మొత్తుకుంటానే ఉన్నా."

ఫిర్దౌస్ లేచి సంచి భుజాన వేసుకుంది. "పదండి. జయకర్, కారు తియ్యి."

దారి పొడుగునా ప్రేమకుమారి కళ్ల ముందు ఒకటే కనిపించింది: పోలీసు జీపు, అందులో తలొంచుకున్న కూతురు. ఎదురుగా సైరన్ లేని మామూలు జీపు వచ్చినా సీటు అంచు గట్టిగా పట్టుకుంది.

కంపెనీ ఆవరణలో చెట్ల ఆకులు కూడా సున్నం దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. మేనేజరు కోటేశ్వరరావు గుమ్మంలోనే ఎదురయ్యాడు.

"డిటెక్టివా? అదెందుకమ్మా, తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసిందేగా."

"అందుకేనండి. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ సరిగా చూడరు," అంది ఫిర్దౌస్.

లెక్కలు మార్చే పనికి హైదరాబాదు నుంచి వచ్చిన రాజేష్ పుస్తకాల సంగతి వివరించాడు. "ఒక్కో బట్టీకి ఒక్కోటి మేడమ్. ఎప్పుడు కట్టారు, లోపలి ఇటుక వరస ఎప్పుడెప్పుడు మార్చారు, అంతా ముప్పై ఏళ్లుగా చేత్తో రాసింది. పాత పద్ధతిలో బట్టీ మొత్తం ఒకే ఆస్తి. కొత్త పద్ధతిలో గోడ వేరు, ఇటుక వరస వేరు. దేని ఆయుష్షు దానిదే. ఆ తేదీలకు ఆ పుస్తకాలే ఆధారం. సోమవారం ఆడిటర్లు వస్తున్నారు."

"మీరు బట్టీల దగ్గరికి వెళ్లారా?"

"మంగళవారం వెళ్లాను. ఏ బట్టీ వివరాలు ఆ మేస్త్రీకిచ్చి సంతకం తీసుకున్నాను. తెలుగులో ప్రిస్కిల్లానే రాసిచ్చింది. ముగ్గురు పెట్టారు. నాలుగో నంబరు మేస్త్రి ఇంటికెళ్లి చదువుకుని ఇస్తానన్నాడు."

రాజేష్ ఒక కాగితం అందించాడు. బట్టీ నంబరు, కట్టిన సంవత్సరం, ఇటుక మార్చిన తేదీ, కూల్చే సంవత్సరం, కూల్చేందుకయ్యే ఖర్చు. ఐదు గళ్లు. ఫిర్దౌస్ పైనుంచి కింది దాకా చదివి, మడిచి తన సంచిలో పెట్టుకుంది.

ప్రిస్కిల్లా కిటికీ పక్కన నిలబడి ఉంది. నిన్నటి నుంచి ఆమెను తన కుర్చీలో కూర్చోనివ్వలేదు. కూతురి కళ్లు వాచి ఉండటం చూసి ప్రేమకుమారి పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"తాళంచెవి ఎక్కడుంచావమ్మా?" అడిగింది ఫిర్దౌస్.

"అన్నం సంచిలోనండి. పోగొట్టుకుంటానని అమ్మ అందులో చిన్న అర కుట్టింది. నిన్న పదింటికి పుస్తకాలు చూసి, బీరువాకి తాళమేసి, తాళంచెవి ఆ అరలో పెట్టాను. నాలుగింటికి తీస్తే పుస్తకాల్లేవు."

"మధ్యలో ఈ గది ఖాళీగా ఉందా?"

"పదకొండు నుంచి పన్నెండు దాకా పైన మీటింగండి. రాజేష్ గారు మాట్లాడారు. ఆఫీసులో అందరం అక్కడే ఉన్నాం."

ఫిర్దౌస్ తల్లి వైపు తిరిగింది. "అక్కా, నిన్న ఏం కూర పెట్టారు?"

ప్రేమకుమారి బిత్తరపోయింది. "గోంగూర పప్పు. ఏం, దాంట్లో ఏందన్నా ఉందా?"

"ఏం లేదు. ఒంటిగంటకి వేడిగానే తిన్నావా ప్రిస్కిల్లా?"

"ఆ, పొగలొచ్చినయ్యండి."

కోటేశ్వరరావు విసుగ్గా గడియారం చూశాడు. జయకర్ మాత్రం గోంగూర పప్పు అని శ్రద్ధగా రాసుకున్నాడు. ఫిర్దౌస్ గది నాలుగు మూలలూ చూసింది: ప్రింటరు, మంచినీళ్ల డబ్బా, ఫైళ్ల దొంతర.

"మేడమ్," జయకర్ ఆమె చెవి దగ్గర గొణిగాడు, "ఈ రాజేష్ గారి మీదే నాకు అనుమానం. పని సాగితే ఆయన ఫీజు సాగుద్ది."

"మీటింగులో మాట్లాడింది ఆయనే కదయ్యా," అని నవ్వి ఆమె బయటికి నడిచింది.

ప్రేమకుమారి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఫిర్దౌస్ అన్నిటికన్నా దగ్గరున్న బట్టీ దాకా వెళ్లి, గోడ మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమన్నట్టు తీసేసి నవ్వింది. అక్కడున్న ముసలాయనతో చాలాసేపు మాట్లాడింది. ఆయన ఇశ్రాయేలు, చర్చిలో తమ వెనక వరసలో కూర్చునే మనిషే. ఇక్కడ నా బిడ్డ బతుకు తెల్లారిపోతుంటే ఈవిడకి కబుర్లేందని ప్రేమకుమారి తనలో తిట్టుకుంది.

నాలుగింటికి అందరూ ఆ గదిలోనే చేరారు. ఇశ్రాయేలు గుమ్మం దగ్గర తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"తాళంచెవి సంచిలోనే పెట్టానని ప్రిస్కిల్లా చెప్పింది. అది నిజం," మొదలుపెట్టింది ఫిర్దౌస్. "కానీ సంచి గది దాటింది. ఈ గదిలో పొయ్యి లేదు, అన్నం మాత్రం పొగలు కక్కింది. ఎట్టా? రోజూ పదింటికి ఆఫీసు వాళ్ల క్యారేజీలన్నీ సంచులతో సహా దగ్గర్లో ఉన్న నాలుగో నంబరు బట్టీ అరుగు మీదికి వెళ్తాయి. ఒంటిగంటకి వేడిగా తిరిగొస్తాయి. ఏళ్ల తరబడి చేసే పని కాబట్టి ఎవరూ దాన్ని వెళ్లడం కింద లెక్కెయ్యలేదు. పదకొండింటికి అందరూ మీటింగుకి పైకెళ్లాక, ఆ తాళంచెవితోనే ఈ బీరువా తెరుచుకుంది."

ప్రిస్కిల్లా తల్లి వైపు చూసింది. ప్రేమకుమారికి అర్థమైంది. తాను భయపడి కుట్టిన అరే తాళంచెవిని బట్టీ దగ్గరికి మోసుకెళ్లింది!

"పక్క కంపెనీకి ఆ పుస్తకాలతో పనేముంది? పని ఉన్నవాళ్లు వేరే. ఈ కాగితం చూడండి. కూల్చే సంవత్సరం, 2031. లెక్కలు తెలిసినవాళ్లకు అది ఒక గడి. ముప్పై ఏళ్లు ఆ బట్టీని కాసినవాడు దాన్ని ఎట్టా చదువుతాడు? సంతకం పెట్టకుండా ఇంటికి తీసుకెళ్లి చదువుకున్నది ఒక్కరే." ఆమె గొంతు తగ్గించింది. "ఇశ్రాయేలన్నా, పక్కనే అంత మంట పెట్టుకుని కూడా ఆ పుస్తకాలు కాల్చలేదు మీరు. అవునా?"

ముసలాయన ఒక అడుగు లోపలికి వేశాడు.

"ఎట్టా కాలుస్తానమ్మా? మొదటి పుస్తకంలో మా నాయన రాత ఉంది. సంచి అరుగు మీద పెడుతుంటే తాళంచెవి చేతికి తగిలింది, పుస్తకాలు తెచ్చి నా రేకుపెట్టెలో పెట్టా. బట్టీ పాతదని రుజువు లేకపోతే కూల్చరనుకున్నా. నా కింద పద్నాలుగు మందున్నారు, వాళ్లనేం జెయ్యను? ఆ పిల్ల మీదికొస్తదని, యేసయ్య సాక్షి, నాకు తెలవదు. పొద్దుగాల నుంచీ బట్టీ పైనే పనిలో ఉన్నా. ఎవరూ చెప్పలా."

"చెప్పకపోతే అడగొద్దూ!" ప్రేమకుమారి అరిచింది. "నా బిడ్డ రాత్రంతా ముద్ద ముట్టలేదు! నీ పద్నాలుగు మందికేనా కడుపులుండేది?"

"తప్పే చెల్లే," అన్నాడాయన. ఆ చేతులు సున్నానికి పగిలి, గోళ్ల చుట్టూ నెత్తురు చారలతో ఉన్నాయి. ప్రేమకుమారి పక్కకు జరిగింది.

ప్రిస్కిల్లా ముందుకొచ్చింది. "బాబాయ్, అది కూల్చమని ఆర్డరు గాదు. ఎప్పటికో ఒకనాడు బట్టీ తీసేస్తే, ఆ చోటు శుభ్రం చేసే ఖర్చుని ఇప్పట్నుంచే లెక్కలో చూపించాలి. కొత్త పద్ధతి అంతే. నేనే నీకు చెప్పాల్సింది. కాగితం రాసిచ్చి ఊరుకున్నా."

"మరి 2031 అని ఉందిగందా?"

"అంచనా. కట్టిన సంవత్సరం ఒక్కదాన్ని బట్టి వేశా, ఇటుక తేదీల గడి ఇంకా నింపలా. నువ్వు ఇటుకలు మార్పించిన తేదీలన్నీ ఆ పుస్తకాల్లో ఉన్నయి. అవి ఎక్కిస్తే నీ బట్టీ ఆయుష్షు పెరుగుద్ది. అవునా సార్?"

రాజేష్ తలూపాడు. "బాగా చూసుకున్న బట్టీ అని రుజువు చేసేది అవే. తాత గారు తన సాక్ష్యం తనే దాచుకున్నారు."

"నాలుగో నంబరుని కూల్చేదెవరయ్యా, అన్నిట్లోకీ బాగా కాలేది అదే," అన్నాడు కోటేశ్వరరావు, ఎటో చూస్తూ. బల్ల మీదున్న ఫిర్యాదు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. తర్వాత ప్రిస్కిల్లా కుర్చీ తనే వెనక్కి లాగాడు. "కూర్చోమ్మా. నోరు జారా. మనసులో పెట్టుకోమాక."

ఇశ్రాయేలు వెళ్లి పుస్తకాలు తెచ్చాడు. పాత దుప్పటిలో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చాడు. ప్రిస్కిల్లా తన పక్కన ఆయనకి ఇంకో కుర్చీ వేయించింది. ఒక పేజీలో సిరా వెలిసిపోయి తేదీ కనపడలేదు. ఆయన చూడకుండానే చెప్పాడు. "మా పెద్దదాని బాప్తిస్మం అయిన వారం అది. వేసవికాలం. చర్చి రిజిస్టర్లో తేదీ ఉంటది, తెప్పిస్తా." ఆమె కాగితం మీద గుర్తుపెట్టుకుంది.

"గోంగూర పప్పు దగ్గరే మీకు తెలిసిపోయిందా మేడమ్?" జయకర్ ఆరాధనగా అడిగాడు.

"అప్పుడు ఆకలి మాత్రమే తెలిసిందయ్యా. పద, ఏమన్నా తిందాం."

ప్రేమకుమారి కదల్లేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, కూతురి వేళ్లు కీబోర్డు మీద ఆడటం చూస్తోంది. అంతలో కోటేశ్వరరావు ఫోను మోగింది. ఆమె ఉలిక్కిపడింది. స్టేషను నుంచేనా?

"ఆ, చెప్పండి ఆడిటర్ గారూ. సోమవారానికి సిద్ధం. బట్టీల లెక్క ఎవరు చేశారా?" అతను ఒకసారి కిటికీ వైపు చూశాడు. "మా ప్రిస్కిల్లా అండి. ఆమె చేసిందంటే ఇంక మీరు వెతుక్కోవాల్సిందేం ఉండదు."

ప్రేమకుమారి ఆ పేరును పెదవులు కదిలించకుండా ఒకసారి తనలో తాను అనుకుంది. అక్కడే గడప మీద కూలబడి, కూతురి పని అయ్యేదాకా కూర్చుంది.