పలక మీద ఏనుగు

మేడ గుమ్మం దగ్గరే కాపలాదారు పిల్లలందరిచేతా కాళ్లు కడిగించాడు. లోపల నేల అంత నున్నగా మెరుస్తోంది మరి. ఒకప్పుడు రాజులు కాపురమున్న మేడ అది. వాళ్ల కాలం పోయాక మద్రాసు సర్కారు దాన్ని బొమ్మల మ్యూజియం చేసింది. మార్కాపురం దగ్గరి బడి నుంచి అయిదో క్లాసు ఆడపిల్లలను వెంకటరత్నమ్మ టీచరు పొద్దున్నే రైలెక్కించి తీసుకొచ్చింది.

వెండి సింహాసనం, మనిషి ఎత్తు అద్దాలు, గదికో దీపాల గుత్తి! పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్లలో శ్రీశైలమ్మ మాత్రం పక్కనున్న అన్నమ్మను చూస్తోంది. అదీ ఉడుక్కుంటూ. క్లాసులో బొమ్మ గీయమంటే ఎప్పుడూ అన్నమ్మదే పైచేయి.

నచ్చిన బొమ్మ చూసి పలక మీద గీయమంది టీచరు. శ్రీశైలమ్మది కొత్త పలక. ఎర్రరంగు చట్రం. గొర్రెలమ్మి సంత నుంచి వస్తూ నాయన తెచ్చాడు. అన్నమ్మ పలకకేమో మూల విరిగింది, చట్రం ఒక పక్క లేనేలేదు. ఇంకేం, ఈసారి మంచి బొమ్మ తనదే అవుతుందనుకుంది శ్రీశైలమ్మ.

గోడమీద రాజుగారి పట్టపుటేనుగు పటం ఉంది, ఏనుగు పక్కనే గొడుగు పట్టుకున్న మనిషితో. ఇద్దరూ దాన్నే గీశారు. శ్రీశైలమ్మ గీసింది తొండమున్న గొర్రెలా వచ్చింది. పాపం, రోజూ చూసేది గొర్రెలనే కదా! పక్కపిల్లలు కిసుక్కున నవ్వారు. అన్నమ్మ పలక మీద మాత్రం ఏనుగు నడిచి వచ్చేటట్టే ఉంది. టీచరు అందరినీ పిలిచి మరీ చూపించింది.

 ఆ విరిగిన పలక మీద ఏనుగేంటి, నా పలక మీద గొర్రేంటి అనుకుంది శ్రీశైలమ్మ. అన్నమ్మ ఇంకా దిద్దుతుంటే వెనకే నిలబడి, ఒక్క గీతైనా తప్పు పోకపోతుందా అని కళ్లార్పకుండా చూసింది. ఒక్కటీ పోలేదు.

తిరుగు రైలు కురిచేడు స్టేషనులో ఆగింది. అన్నమ్మ పలకను శ్రీశైలమ్మ చేతిలో పెట్టి, కాస్త పట్టుకోమని, టీచరుతో నీళ్లు తాగడానికి దిగింది. శ్రీశైలమ్మ అటూ ఇటూ చూసింది. పలక మీద తుపుక్కున ఉమ్మింది. పావడ అంచుతో గబగబా తుడిచేసింది. ఏనుగు పోయింది.

అన్నమ్మ తిరిగొచ్చి పలక చూసి అలాగే నిలబడిపోయింది. జనం ఎక్కుతూ రాసుకుంటే చెరిగిపోయిందని శ్రీశైలమ్మ అబద్ధమాడింది. అన్నమ్మ నమ్మేసింది.

"పోనీలే, నువ్వేం చేస్తావు. మా అక్క కోసం గీసినా. కాలు విరిగి మంచంలో ఉండాది గదా. మేడలో ఏముందో ఒక్క బొమ్మన్నా తెచ్చి చూపియ్యమన్నాది."

బలపం తీసి మళ్లీ మొదలుపెట్టింది. గీసింది, తుడిచింది. మళ్లీ గీసింది. దంతాలు గుర్తు రావడం లేదు. కళ్లనిండా నీళ్లు.  టీచరు మెప్పు కోసం గీసిందనుకుంది శ్రీశైలమ్మ. మంచంలో ఉన్న అక్క మాటే తలపుకు రాలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే చాలు, తను తుడిచిన ఏనుగు గీత గీతా కనబడుతోంది.

"కుడి దంతం పొట్టిది. దానికి రెండు కడియాలు," అంది మెల్లగా.

"నీకెట్ల తెలుసు?"

"నువ్వు గీస్తాంటే చూసినా. యాడ తప్పు పోతావా అని చూసినా." శ్రీశైలమ్మ తల దించుకుంది. "జనం కాదు అన్నమ్మా. నేనే తుడిచినా, కుళ్లుతో."

 అన్నమ్మ లేచి పోయి ఎదుటి బల్ల మీద కూర్చుని, కిటికీ వైపు మొహం తిప్పుకుంది. రైలు చాలాదూరం పోయింది. తిట్టినా బాగుండుననిపించింది శ్రీశైలమ్మకు.

చివరికి అన్నమ్మ ఇటు తిరక్కుండానే అడిగింది. "గొడుగు పట్టినోడు ఏ పక్క ఉన్నాడు?"

శ్రీశైలమ్మ ఒక్క ఉదుటున లేచింది. తన ఎర్రచట్రం పలకను శుభ్రంగా తుడిచి అన్నమ్మ ఒళ్లో పెట్టింది. "ఎడమ పక్క. దీని మీద గియ్యి. నీ పలక మీదైతే రేపు లెక్కలకు తుడిచేయాల్సొస్తాది."

మార్కాపురం వచ్చేదాకా ఒకరు చెబుతుంటే ఒకరు గీశారు. మెడలో గంట, గొడుగుకు కుచ్చులు, ఏదీ వదల్లేదు.

మర్నాడు బళ్లో టీచరు ఎక్కాలు రాయమంది. శ్రీశైలమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. కొత్త పలక అప్పుడే పగలగొట్టావా అని టీచరు గద్దించింది.

"లేదు టీచర్. అన్నమ్మ వాళ్లక్క మంచం దగ్గరుండాది. దానిమీద ఏనుగుంది, తుడిచేదానికి లేదు."

అన్నమ్మ తన విరిగిన పలక మధ్యన నిలువుగా ఒక గీత గీసింది. మూల విరగని సగాన్ని శ్రీశైలమ్మ వైపు తిప్పి, ఇద్దరి మధ్యా పెట్టింది.