నిమిషానికి నలభై పేజీలు

"ఇంకోసారి తీయండి," అంది కల్పలత, ఫోన్‌లో స్టాప్‌వాచ్‌ని సున్నాకు తెచ్చుకుంటూ.

"ఇప్పటికి మూడుసార్లు తీశామండి," అన్నాడు ఆ అబ్బాయి.

"మూడుసార్లు ఒక్కతీరు రాలే. యాభై ఎనిమిది సెకండ్లు, అరవై ఒకటి, అరవై. ఇంకోటి చూస్తే తెలుస్తది."

అతను నవ్వు దాచుకోవడానికి, కాపీలు కూడా తీసే ఆ ప్రింటర్ వైపు తిరిగి, నలభై తెల్ల కాగితాలు సరిచేసి మళ్లీ పైన పెట్టాడు. కాగితాలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పరుగెత్తాయి. ఆఖరిది బయటకు వచ్చేసరికి యాభై తొమ్మిది.

"నిమిషానికి నలభై," అంది కల్పలత తృప్తిగా. "డబ్బా మీద రాసింది నిజమే."

"అబద్ధం రాయరండి," అన్నాడతను. చొక్కాకు పెట్టుకున్న బిళ్ల మీద రమణబాబు అని ఉంది.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ల షాపు అది. కల్పలత పనిచేసేది తిరుమలగిరిలో, ఓంప్రకాశ్ గారి దగ్గర. ఆయన సైన్యంలో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు రిటైరైన జవాన్ల పెన్షన్ కాగితాలు నింపి పెట్టే చిన్న ఆఫీసు నడుపుతున్నాడు. నవంబర్ వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ల కోసం ముసలివాళ్లు మెట్ల దాకా బారులు తీరతారు. ఆఫీసులోని పాత ప్రింటర్ అప్పటిదాకా బతికేలా లేదు.

"నీకు ఓపిక ఎక్కువ. నువ్వే చూసి చెప్పు బిడ్డా," అన్నాడాయన.

అంత పెద్ద వస్తువును ఎంచుకోమని కల్పలతతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆమె చదివిన ఊరి బడిలో ఒకే ఒక కంప్యూటర్ ఉండేది. దాని మీద కప్పిన గుడ్డ తీయాలంటే హెడ్‌మాస్టర్ అనుమతి కావాలి. అందుకే మూడు రోజులు మూడు షాపులు తిరిగి, ఏడు మిషన్ల వేగం నోట్‌బుక్‌లో రాసుకుంది.

"ఒక్క మాటండి," అన్నాడు రమణబాబు. "మీ ఆఫీసులో కాపీ తీసేవి ఇలాంటి కాగితాలేనా?"

"కాగితాలంటే కాగితాలే గదా."

"అలా కాదండి. నేనొకసారి వచ్చి మీ పని చూస్తాను. ఆ తర్వాతే కొనండి."

మర్నాడే వచ్చాడు. గోడ పక్క బల్ల మీద, ఇద్దరు ముసలి జవాన్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. అరగంటైంది, గంటైంది, రెండు గంటలైంది. కదలలేదు.

పక్క సీటులో టైపు చేసుకుంటున్న ఫెయిత్ మోచేత్తో పొడిచింది. "ఏందే, నిన్నే జూస్తుండు."

"మిషన్‌ను జూస్తుండు."

"మిషన్ గీ దిక్కుంది. నువ్వు గా దిక్కున్నవ్."

కల్పలత కాగితాల్లోకి ఇంకాస్త వంగింది. కానీ ఆ పూట రెండు ఫారాలలో పుట్టిన తేదీ తప్పు రాసింది.

చివరికి లేచి ఓంప్రకాశ్ గారి టేబుల్ దగ్గరకు వెళ్లాడు రమణబాబు. "సార్, మేడం చూసిన మిషన్ మంచిదే. కానీ మీకు వేరేది తీసుకోమంటాను. అది నిమిషానికి ఇరవై రెండే."

"సగం వేగమా?" అన్నాడు ఓంప్రకాశ్.

"నలభైది పైనుంచి విడి కాగితాలు లాక్కుంటుందండి. వాటికే ఆ వేగం. మీ దగ్గరికి వచ్చేవాళ్లు రిటైరైనప్పుడు సైన్యం ఇచ్చిన డిశ్చార్జ్ బుక్‌లు తెస్తున్నారు. కుట్టిన పుస్తకాలు. వాటిని విప్పి అద్దం మీద బోర్లా పెట్టాలి. నలభైదానికి అద్దం పొట్టి. ఇరవై రెండుదానికి పొడుగు. రెండు పేజీలూ ఒకేసారి వచ్చేస్తాయి."

ఓంప్రకాశ్ కల్పలత వైపు చూశాడు. ఫెయిత్ చూసింది. బల్ల మీది ముసలివాళ్లు సైతం చూశారు. మూడు రోజుల తిరుగుడు, నోట్‌బుక్ నిండా అంకెలు, అన్నీ ఒక్క నిమిషంలో చెరిగిపోతున్నట్టు అనిపించింది కల్పలతకు. ఎన్నడూ పైకి మాట్లాడని పిల్ల, ఆ రోజు మాట్లాడింది.

"సార్, గా మిషన్ మీద ఆయనకు కమిషన్ ఎక్కువ ఉన్నట్టుంది. లేకపోతే రెండు గంటలు పని వదులుకొని ఎవరు కూసుంటరు?"

ఫెయిత్ పకపకా నవ్వి, ఎవరూ నవ్వడం లేదని చూసి ఆపేసింది.

రమణబాబు ముఖం కందిపోయింది. బ్యాగు జిప్పు వేసుకున్నాడు. "సరేనండి. మీరు చెప్పిందే తెప్పిస్తాను," అని, గుమ్మం దగ్గర ముసలాయనకు దారిచ్చి, వెళ్లిపోయాడు.

ఓంప్రకాశ్, ఆ కంప్యూటర్ల షాపు యజమాని విజయేందర్‌కు ఫోన్ చేసి, బిగించడానికి వేరే మనిషిని పంపమన్నాడు. కల్పలత విననట్టు ఫైళ్లు సర్దింది.

*

మొదటి రెండు రోజులు మిషన్ దుమ్ము లేపింది. ఖాళీ ఫారాలు వంద కావాలంటే టీ తాగేలోపు వచ్చేవి. నవంబర్ ఒకటో తారీఖు నుంచి అసలు పని షురూ అయింది.

ఒక్కొక్కరూ సంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి గుడ్డ, గుడ్డలోంచి డిశ్చార్జ్ బుక్ తీసేవారు. దాన్ని అద్దం మీద పెడితే కింది రెండు వరుసలు బయటే ఉండిపోయేవి. పైభాగం ఒకసారి, కిందిభాగం ఒకసారి. ఒక్కో మనిషికి పది నిమిషాలు. వరుస మెట్లు దిగి రోడ్డు మీద పాన్ డబ్బా దాకా పోయింది.

కల్పలత చెవులు రోజంతా వేడిగా ఉండేవి. ఎవరూ ఏమీ అనలేదు. అందుకే ఇంకా నామోషీగా ఉంది. 'కుట్టిన పుస్తకాలు' అన్న అతని మాట, తెచ్చిన ప్రతి పుస్తకంతోనూ వినిపించేది.

నాలుగో రోజు బొల్లారం నుంచి బిక్షం వచ్చాడు. ఎనభై ఏళ్లుంటాయి. తన తర్వాత భార్యకు పెన్షన్ రావాలంటే డిశ్చార్జ్ బుక్‌లో శారదమ్మ పేరు ఉన్న పేజీ చూపించాలి. ఆ పేజీ కోసమే వచ్చాడు. పుస్తకం కుట్టు సగం వదులై ఉంది.

బయట వరుసలో ఎవరో దగ్గుతున్నారు. ఓంప్రకాశ్ బ్యాంకుకు పోయాడు. కల్పలతకు ఒక ఆలోచన వచ్చింది.

"తాతా, దారం తీసి పేజీలు విడిగా పెడితే జల్ది అయిపోతది. మళ్ల కుట్టిస్త."

"నీ ఇష్టం బిడ్డా. చదువుకున్నదానివి," అన్నాడు బిక్షం.

నాలుగు పేజీలు పైన పెట్టింది. రెండు వెళ్లాయి. మూడోది సగం లోపలికి పోయి, మిషన్ ఎముక విరిగినట్టు చప్పుడు చేసి ఆగింది. అదే శారదమ్మ పేరున్న పేజీ.

కల్పలత లాగబోయింది. చిరిగిన చప్పుడు వినబడి చేయి వెనక్కి తీసుకుంది.

బిక్షం మిషన్ దగ్గరకు వచ్చి, బయట కనిపిస్తున్న కాగితం ముక్క మీద వేలు పెట్టి నిలబడ్డాడు, అది ఇంకా లోపలికి పోతుందేమో అన్నట్టు.

ఈ మిషన్ బిగించిన పాల్ ఫోన్ ఎత్తలేదు. కల్పలత దగ్గర ఇంకో నంబర్ ఉంది. చేయాలంటే వేళ్లు రావడం లేదు.

"హలో, నేను..."

"తెలుసండి. చెప్పండి."

అరగంటలో వచ్చాడు రమణబాబు. బయట అకాలపు చినుకులు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. కర్చీఫ్‌తో ముందు చేతులు తుడుచుకున్నాడు, ముఖం తర్వాత. మిషన్ వెనక మూత తెరిచి, రోలర్‌ను వేలితో వెనక్కి తిప్పుతూ కాగితాన్ని వెంట్రుకవాసి చొప్పున జరిపాడు. కల్పలత టార్చి పట్టుకుంది. వెలుగు వణుకుతుంటే, "రెండు చేతులతో పట్టుకోండి," అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు. నేను చెప్పాను కదా అని ఉంటే ఆమెకు ఎంతో హాయిగా ఉండేది.

పేజీ రెండు ముక్కలుగా వచ్చింది. పేరు మాత్రం చెక్కుచెదరలేదు. అతను ముక్కలు ఆనించి, వెనకవైపు టేపు వేశాడు.

"ముందువైపు వేస్తే కాపీలో మెరుస్తుంది తాతగారూ. ఇలా అయితే కనపడదు."

బిక్షం ఆ పేజీని గోడకేసిన దీపం వైపు ఎత్తి చదువుకున్నాడు. పెదవులు కదిలాయి.

అప్పుడే ఓంప్రకాశ్ లోపలికి వచ్చాడు. విప్పిన మిషన్, బిక్షం చేతిలో చిరిగిన పేజీ, అన్నీ చూశాడు. "ఏమైంది? ఎవరు చేసిండ్రిది?"

కల్పలత నోరు తెరిచింది.

"రోలర్ కొత్తది సార్, పట్టేసింది," అన్నాడు రమణబాబు. "మా షాపులో చూసి పంపాల్సింది. మా తప్పే."

ఓంప్రకాశ్ అక్కడే విజయేందర్‌కు ఫోన్ చేసి, పెరేడ్ గ్రౌండ్‌లో నిలబెట్టినట్టు కడిగేశాడు. రమణబాబు తల వంచుకుని స్క్రూలు బిగించాడు. కల్పలత టార్చి ఆర్పడం మరిచిపోయి అలాగే నిలబడింది. తప్పు తనదని చెప్పలేదు. బిక్షం ఆమె వైపు ఒక్కసారి చూసి, పుస్తకం గుడ్డలో చుట్టుకున్నాడు. ఆయన కూడా చెప్పలేదు.

*

మర్నాడు పాల్ వచ్చి రోలర్ చూశాడు. "దీనికి ఏం గాలే. బరాబర్ ఉంది," అన్నాడు. "ఉత్తగనే రమణబాబును స్టాకు గదిల ఏసిండ్రు. కస్టమర్ల దిక్కు పంపొద్దన్నడు మా సేటు."

కల్పలత కుర్చీలోంచి లేచింది. ఫెయిత్ "ఏడికే?" అంటున్నా ఆగకుండా ఓంప్రకాశ్ టేబుల్ ముందు నిలబడింది.

"సార్, రోలర్ పట్టలే. తాత పుస్తకం దారం నేనే తీసిన. పేజీలు నేనే పెట్టిన. గుంజి చింపింది సుత నేనే."

ఓంప్రకాశ్ కళ్లద్దాలు తీశాడు. "నిన్న చెప్పకపోతివి."

"సిగ్గయింది సార్."

"మరి గా కమిషన్ ముచ్చట?"

"అది కూడా నేనే అల్లిన. నాకెవరూ చెప్పలే. నా మాట పోతదని అన్న."

ఆయన కళ్లద్దాలు చొక్కా అంచుతో తుడిచాడు. తిడితే బాగుండు అనుకుంది. చివరికి, "నాకు చెప్తే ఏమొస్తది? శిక్ష ఏడ పడ్డదో గాడ చెప్పాలె. పో," అన్నాడు.

పార్క్ లేన్ షాపులో పదిమంది కస్టమర్లున్నారు. విజయేందర్ కౌంటర్ వెనక ఉన్నాడు. పక్కకు పిలిచి చెప్పాలనుకుంది. కానీ తను నింద వేసింది పక్కకు పిలిచి కాదు కదా. అందరూ వినేలా, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. స్టాకు గది తలుపు దగ్గర రెండు డబ్బాలు ఎత్తుకుని రమణబాబు నిలబడి ఉన్నాడు.

విజయేందర్ ఆమె ఆపేదాకా విని, "కమిషనా?" అన్నాడు. "అమ్మా, కమిషన్ ఎక్కువుండేది మీరు తీసుకున్న నలభైదాని మీద. గాయన చెప్పినదాని మీద మాకు ఏం మిగలదు. వద్దురా అన్నా వినలే, వాళ్లకు గదే పనికొస్తదన్నడు."

కౌంటర్ దగ్గర ఎవరో నవ్వారు. కల్పలతకు నేల మీది టైల్స్ తప్ప ఏమీ కనిపించలేదు.

"నన్ను మాఫ్ చేయండి," అంది, టైల్స్‌కు చెప్పినట్టు. తర్వాత తలెత్తి, అతని వైపు చూసి, మళ్లీ అంది.

అతను డబ్బాలు దించాడు. "సేట్ గారూ, ఐదు నిమిషాలు బయటికెళ్లొస్తాను."

"పో పో. ఆ స్టాకు గది తాళం ఇచ్చి పో. రేపటినించి ఎప్పటిలెక్కనే," అన్నాడు విజయేందర్.

మెట్ల కింద చినుకులు సన్నగా పడుతున్నాయి. ఇద్దరికీ ఒకటే రేకు, దాని కింద రెండడుగుల చోటు. ఆమె ఒక మూల, అతను ఇంకో మూల. మధ్యలో ఒక మనిషి నిలబడేంత ఖాళీ వదిలారు.

"నిన్న ఎందుకు మీ తప్పు అన్నరు?"

"మీ చేతిలో టార్చి వణకడం చూశానండి."

"నేను సప్పుడు జేయక ఊకున్న. కోపం రాలేదా?"

"వచ్చింది. ఆల్వాల్ వెళ్లేదాకా వచ్చింది. ఇంటికెళ్లాక తగ్గింది." చేతుల దుమ్ము దులుపుకుంటూ, "నేనూ ఒకటి ఒప్పుకోవాలండి. మీ పని అర్థం కావడానికి ఇరవై నిమిషాలు చాలు. రెండు గంటలు కూర్చున్నాను," అన్నాడు.

కల్పలత చున్నీ అంచును వేలికి చుట్టుకుంది. చెవులు మళ్లీ వేడెక్కాయి. ఈసారి వేడి వేరు.

"మా అమ్మకు మీ గురించి చెప్పానండి."

"ఏమని? నింద ఏసిన పిల్ల అనా?"

"అదే చెప్పాను. కమిషన్ అన్న రోజే. మా అమ్మ పేరు అమ్మన్నమ్మ, శ్రీకాకుళం వైపు మనిషి. ఏటందో తెలుసా? 'ఎదరే అనేసిందంటే, ఆ పిల్ల ఎనకాల ఏటీ దాచుకోదురా. అలాటి పిల్లయితే నాకు సరే' అంది."

కల్పలత తల అడ్డంగా ఊపింది. కళ్లు నిండుతున్నాయి. ఆ మంచి మాట తనది కాదు. పుచ్చుకుంటే అది ఇంకో అబద్ధం అవుతుంది.

"దాచిన," అంది. "ఒక రోజంతా దాచిన. మీ నౌకరి మీదికి వచ్చేదాంక దాచిన. అది సుత అమ్మకు చెప్పుండ్రి. అప్పుడు సరే అంటదో లేదో అడుగుండ్రి."

రమణబాబు చినుకుల వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు.

"అది నేను చెప్పనండి. మీరే వచ్చి చెప్పండి."

రేకు అంచు నుంచి నీళ్లు కారి ఆమె భుజం తడుపుతున్నాయి. తడవకుండా ఉండాలంటే ఒక అడుగు అతని వైపు జరగాలి. జరిగింది.

"ఆదివారం వస్త," అంది. "మీరు పక్కన ఉండొద్దు. మీరుంటే మళ్ల మీ తప్పే అంటరు."