దర్జీగారి కారులో చెమ్మ

కార్ల షెడ్డులో ఆ కుర్రాణ్ణి అందరూ జల్లెడ అనే పిలిచేవారు. ఎంత కొత్త కారు తెచ్చి నిలబెట్టినా ఎక్కడో ఒక చిల్లు ఉందని చూపిస్తాడు కాబట్టి షెడ్డు యజమాని ఆ పేరు పెట్టాడు. యజమాని అంటే పరాయివాడు కాదు, సొంత మేనమామ. ఇంజను పని, రంగుల పని మామయ్యవి. నీళ్ళు కారే బండ్లన్నీ జల్లెడవి. వానలు మొదలైతే ఊరంతా గొడుగులు వెతుక్కుంటుంది, అతను మాత్రం తడిసిన కారు మ్యాట్లు పిండుకుంటూ కూర్చుంటాడు. ఆ ఏడు వానలు మరీ దిక్కుమాలినవి. మూడు వారాలుగా ఎండ ముఖం చూసినవాడు లేడు.

అలాంటి ఒక పొద్దున ఒక అమ్మాయి పాత బూడిదరంగు కారు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. దిగి, ఎవరినీ పలకరించకుండా డిక్కీ తెరిచి పక్కన నిలబడింది. జల్లెడ వెళ్ళి మ్యాటు ఎత్తి చూశాడు. స్టెప్నీ టైరు సగందాకా నీళ్ళలో మునిగి ఉంది. అలవాటు కొద్దీ నోరు జారి, చేపలేమన్నా పెంచుతున్నారా అని అడిగాడు.

ఆ అమ్మాయి నవ్వలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"మీకిది నవ్వులాటగా ఉందా?" అంది. "ఉంటుందిలెండి. తడిసినవి మీవి కాదుగా."

అతనికి తల కొట్టేసినట్టయింది. బానెట్ కింద నుంచి మామయ్య తల బయటపెట్టి చూసిన చూపులో రావాల్సిన తిట్లన్నీ వచ్చేశాయి. జల్లెడ మగ్గు తెచ్చుకుని నీళ్ళు తోడటం మొదలుపెట్టాడు.

తోడి, తుడిచి, గాలి మెషిన్ పెట్టి ఆరబెట్టాడు. ఆ తర్వాత డిక్కీ లోపలి అతుకులన్నిటి మీదా ఒంటికి రాసుకునే పౌడర్ పల్చగా చల్లాడు. నీటిచుక్క జారితే పౌడర్ మీద గీత పడుతుంది, ఏ దారిన వచ్చిందో ఆ గీత పట్టిస్తుంది. ఇక మిగిలిన పనికి ఇద్దరు కావాలి. ఒకరు టార్చి పట్టుకుని డిక్కీలో ముడుచుకు పడుకుంటే పైనుంచి మూత వేసేస్తారు. రెండోవారు బయట పైపు పట్టుకుని కింద నుంచి పైకి ఒక్కో అతుకు మీదా అయిదేసి నిమిషాలు నీళ్ళు పట్టాలి. ముందే పైన పోశారా, నీళ్ళు అంతటా జారి ఏ సంగతీ తేలదు. లోపలివాడు చుక్క కనపడగానే మూత మీద ఒకసారి తట్టాలి, బయటివారు పైపు ఆపెయ్యాలి.

మామయ్య పొట్టకి డిక్కీలో చోటు చాలదు, పైగా ఆయన చేతుల్లో ఒక ఇంజను సగం విప్పి ఉంది. పైపు నేను పడతానంది ఆ అమ్మాయి. జల్లెడ లోపలికి దూరాడు. మూత పడింది.

ఎదురుగా మనిషి లేకపోతే కొందరికి మాట సులువుగా వస్తుంది. బంపరు మీద నీళ్ళు పడుతూ ఆ అమ్మాయి ఆ మూతతోనే చెప్పుకుంటున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న దర్జీ. నాలుగు నెలల క్రితం పోయాడు. ఇప్పుడు ఆ మిషన్ మీద తనే కుడుతోంది. ముప్ఫై ఏళ్ళుగా వచ్చే ప్రతి మనిషికీ ఆయన గట్టి కాగితం మీద కటింగు గీసి దాచాడు. ఒక్కో కాగితం మీద కొలతలే కాదు, ఆ మనిషి గురించి రెండు ముక్కలు కూడా రాసేవాడు. పొట్ట పెరుగుతోంది, అడగొద్దు, అని ఒకరి మీద. ఉద్యోగం పోయింది, భుజాలు కాస్త ఎత్తించు, అని ఇంకొకరి మీద. దుకాణం ఖాళీ చేసిన రోజు ఆ కట్టలన్నీ డిక్కీలో పెట్టి ఇంటికి తెచ్చింది. మూడు అంతస్తులు మొయ్యాలి. పైకి తెచ్చెయ్యమని అమ్మ చెబితే రేపు తెస్తానంది. ఆ రేపటికి వాన పట్టుకుంది, నాలుగు రోజులు వదల్లేదు. డిక్కీ తెరిచేసరికి కట్టలన్నీ ఒకే ముద్ద.

"అమ్మ నన్ను తిట్టను కూడా తిట్టలేదండీ," అంది. "మాట్లాడటం మానేసింది, అంతే. కంచం పెట్టి వెళ్ళిపోతుంది. నాన్న పోయాక రోజూ సాయంత్రం దుకాణానికి వచ్చి ఆ కాగితాలు తీసి నాన్న రాసినవి చదువుకునేది. నా బద్ధకం వల్ల అదీ లేకుండా పోయింది. నాన్న రెండోసారి పోయాడు, నా చేతుల్లో."

పైపు అప్పటికి ఎడమవైపు వెనక లైటు దగ్గరికి వచ్చింది. టార్చి వెలుగులో జల్లెడకి లైటు వెనక నుంచి ఒక చుక్క కనిపించింది. అది పౌడర్ మీద గీత గీసుకుంటూ స్టెప్నీ గుంటలోకి జారింది. దాని వెనకే రెండోది. అతను వేళ్ళు పోనిచ్చి తడిమాడు. లైటు కింది అంచున ఎవరో నల్లటి పేస్టు దట్టించారు. పేస్టు మీద బొటనవేలి ముద్ర ఉంది, ముద్రకి అడ్డంగా వంకర గీత.

ఆ వంకర గీత అతని వేలి మీదే ఉంది. మూడేళ్ళ క్రితం రేకు కోసుకుని అలా మానింది. రెండేళ్ళ క్రితం మెడలో కొలతల టేపు వేసుకుని వచ్చిన ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. వెనక కొంచెం చెమ్మ వస్తోందని ఈ కారే తెచ్చాడు, తొందరలో ఉన్నాడు. లైటు ఊడదీసి కొత్త రబ్బరు వెయ్యాల్సిన పని. పేస్టు కొట్టేస్తే అయిపోతుందిలే అనుకున్నాడు జల్లెడ. లైటు వెనకకి చేరిన వాన నీళ్ళు బయటికి పోవడానికి కింద ఒక సన్నటి దారి ఉంటుంది. తను మూసింది చిల్లుని కాదు, ఆ దారిని. అప్పటి నుంచీ నీళ్ళకి లోపలికి రావడం తప్ప గతి లేకపోయింది. ఆయన దుకాణం ముందున్న రేకు కింద కారు ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి బయటపడలేదు. దుకాణం పోయాక వీధిలో వానకి నిలబడింది.

ఒకసారి తట్టాలి. చెయ్యి పైకి లేచింది కూడా. అతను తట్టలేదు.

చాలాసేపటికి బయటికొచ్చి, ఏమీ దొరకలేదు, రెండు రోజులు బండి వదిలెయ్యండి అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆ అమ్మాయి ముఖం వంక చూడలేకపోయాడు. ఆమె వెళ్ళాక లైటు ఊడదీశాడు, పేస్టు గీకేశాడు, కొత్త రబ్బరు వేశాడు. అబద్ధానికి ఆధారం ఉండాలి కాబట్టి డిక్కీ చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ కూడా మార్చి, పాతబడిపోయింది, అందుకే కారిందని చెప్పాడు. గీకిన పేస్టు ముక్కని మాత్రం పారెయ్యలేకపోయాడు. స్క్రూల డబ్బాలో వేసి మూత పెట్టాడు.

అంతటితో అయిపోయేదే. కానీ ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. రాత్రంతా కుండపోతగా కురిసినా ఒక్క చుక్క రాలేదని చెప్పడానికి వచ్చింది. రెండోసారి, తడి కాగితాలని గాలి మెషిన్‌తో ఆరబెట్టొచ్చా అని అడగడానికి వచ్చింది. మూడోసారి వానలో చిక్కుకున్నానంది. ఆ రోజు వాన పడింది పది నిమిషాలు, ఆమె షెడ్డు రేకు కింద నిలబడింది గంటన్నర. ఈ అమ్మాయికి లెక్కలు రావా, లేక నీకు రావా అని మామయ్య మేనల్లుణ్ణి అడిగాడు.

వస్తూపోతూ ఉండగా ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కారు మాటలు అయిపోయి, సినిమాల మాటలు అయిపోయి, చివరికి ఎవరి చెప్పులు ఎక్కువ బురదయ్యాయో పందెం దాకా వచ్చారు. కానీ ఆ నవ్వు ఎప్పుడూ పూర్తయ్యేది కాదు. సగంలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయేది. ఇంట్లో ఎలా ఉందని అతను అడిగితే అలాగే ఉందనేది. ఒకరోజు అతని వంక తేరిపార చూసి, మీ ఎడమ భుజం అరంగుళం దిగింది, తెలుసా అంది. రెండేళ్ళ క్రితం ఆ పెద్దాయన కూడా అదే మాట అన్నాడు. వారం తిరక్కుండా ఆ అరంగుళం సర్ది ఒక చొక్కా కుట్టి తెచ్చింది. అతనికి ఆ అమ్మాయి మీద ప్రాణం, ఆ చొక్కా తొడుక్కోవడానికి మాత్రం మనసు ఒప్పలేదు.

చివరికి మామయ్యతో అంతా చెప్పేశాడు. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"చెప్పావంటే ఆ పిల్ల మళ్ళీ ఈ వైపు రాదురా," అన్నాడు. "చెప్పకపోతే తప్పు నీది, శిక్ష దానిది. ఏది మొయ్యగలవో నువ్వే చూసుకో."

మర్నాడు సాయంత్రం వానలోనే జల్లెడ వాళ్ళింటికి వెళ్ళాడు. మూడో అంతస్తు. తలుపు ఆ అమ్మాయే తీసింది, అతన్ని చూసి ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి అతనికి మెట్లు దిగి పారిపోవాలనిపించింది. లోపల బల్ల మీద తడిసి ఎండిన కాగితాల దిమ్మ ఉంది. దాని పక్కన వాళ్ళమ్మ కూర్చుని ఉంది. అతను ఆవిడ ముందు నిలబడి, పేస్టు ముక్క బల్ల మీద పెట్టి, దాని పక్కన తన బొటనవేలు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మీ అమ్మాయి తప్పేమీ లేదన్నాడు. ఒక రోజు ఆలస్యం చేసినంత మాత్రాన కాగితాలు తడవవు, తడిసేలా చేసింది నేనేనన్నాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ముక్కని చూసింది, వేలిని చూసింది. కళ్ళజోడు తీసి, తల తిప్పి కూతురి వంక చూసింది.

"పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా అమ్మడూ?" అంది.

ఆ అమ్మాయి అక్కడే నేల మీద కూలబడి, తల్లి ఒళ్ళో ముఖం పెట్టుకుని ఏడ్చింది. జల్లెడ చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చాడు. ఒక అంతస్తు దిగేసరికి వెనక అడుగులు వినిపించాయి.

"ఆ రోజు నేను బయట నిలబడి అదంతా చెబుతున్నప్పుడే మీకు తెలిసిందా?"

"తెలిసింది."

"మరి తట్టలేదేం?"

"భయమేసింది. తడితే మూత తీస్తారు. నా ముఖం చూస్తారు."

"నెల రోజులు," అంది. "నెల రోజులు నన్ను నేను తిట్టుకుంటుంటే పక్కన నిలబడి విన్నారు. పేస్టు కొట్టడం పొరపాటు. ఇది పొరపాటు కాదు."

ఆమె వెనక్కి వెళ్ళిపోయింది, తలుపు పడింది. ఆ తర్వాత పది రోజులు ఆమె షెడ్డుకి రాలేదు. వానలు మాత్రం రోజూ వచ్చాయి. జల్లెడ జోకులు వెయ్యడం మానేశాడు. నీ దిగులు మొహం చూసి బండ్లే రావడం లేదని మామయ్య విసుక్కున్నాడు. కాసేపాగి ఆయనే టీ తెచ్చి పక్కన పెట్టాడు.

పదకొండో రోజున గొడుగు వేసుకుని వాళ్ళమ్మ వచ్చింది. చిల్లులు వెతికే అబ్బాయి ఎక్కడని అడిగింది. ఆ దిమ్మలో కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయని, కూతురు విడదీయబోతే చిరిగిపోతున్నాయని చెప్పింది.

"ఒక్క చుక్క కోసం గంటలు గంటలు చూస్తావటగా," అంది. "ఆ ఓపికేదో తెచ్చి నా కాగితాలు విడదియ్యి బాబూ. తడిపినవాడివి నువ్వేగా."

ఆ సాయంత్రం నుంచి అతను పని అయ్యాక రోజూ వెళ్ళాడు. లైటు రబ్బరు చిరక్కుండా లేపడానికి వాడే పల్చటి బ్లేడు ఒకటి తీసుకెళ్ళాడు. అంచు దగ్గర కాస్త చెమ్మ అద్ది, బ్లేడు దూర్చి, ఊపిరి బిగబట్టి ఒక్కో కాగితం లేపేవాడు. కొన్ని రోజులు నాలుగు వచ్చేవి, కొన్ని రోజులు ఒక్కటే. బల్ల అవతలి చివర ఆ అమ్మాయి వాటిని కొత్త కాగితం మీద గీసుకునేది. అతనితో మాట్లాడేది కాదు. సిరా నిలిచిన చోట వాళ్ళమ్మ పైకి చదివేది. ఇతనికి అద్దం చూపించవద్దు, తెల్ల వెంట్రుకలు లెక్కపెడతాడు, అని ఒకసారి చదివితే ముగ్గురికీ నవ్వొచ్చింది. ముగ్గురూ మూడు వైపులకి ముఖాలు తిప్పుకున్నారు. సగానికి పైగా కాగితాల మీద ఏమీ మిగల్లేదు. ఖాళీ కాగితం వచ్చినప్పుడల్లా ఆవిడ దాన్ని కూడా నిమిరి పక్కన పెట్టేది. జల్లెడ తల దించుకుని తర్వాతి అంచు వెతుక్కునేవాడు.

మూడు వారాలు అలా గడిచాయి. ఒక సాయంత్రం వాళ్ళమ్మ వంటింట్లో ఉంది. బయట వాన పడుతూనే ఉంది. ఆ అమ్మాయి గీస్తున్న గీత మీద నుంచి తల ఎత్తకుండా అడిగింది.

"నా దగ్గర ఇంకా ఏమన్నా దాచారా?"

అతను బ్లేడు కింద పెట్టాడు.

"ఒకటి దాచాను," అన్నాడు. "మీరంటే నాకు ప్రాణం. ఆ డిక్కీలో పడుకుని మీ మాటలు విన్న రోజు నుంచీ. ఇంత చేసినవాడికి ఆ మాట అనే హక్కు లేదని ఊరుకున్నాను."

ఆమె చెయ్యి ఆగలేదు. భుజం గీత చివరిదాకా గీసి, స్కేలు పక్కన పెట్టి, అప్పుడు తల ఎత్తింది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"అది అమ్మక్కూడా తెలుసు," అంది. "నాకు తెలియనివి అడుగుతున్నాను."

"తెలియనివి ఏమీ లేవండీ."

ఆమె గీసిన కాగితాన్ని పక్కకి జరిపింది.

"ఇక ముందు ఏది కనపడినా అప్పుడే చెప్పు," అంది. "నాకు కోపమొచ్చినా సరే, నేను ఏడ్చినా సరే." తర్వాత పెన్సిలు చెక్కుకుంటూ, కాస్త తగ్గిన గొంతుతో అంది. "రేపట్నుంచి ఇటు పక్కన కూర్చో. అక్కడ నీకు వెలుతురు చాలడం లేదు."

అతను రేపటిదాకా ఆగలేదు. లేచి కుర్చీ ఇటు జరుపుకున్నాడు.