మేడ అటకమీద దొరికిన చొక్కా

పొద్దున్నే వచ్చిన ఆవిడ కొలతలిస్తూ, టైలరక్క చెల్లెలి నర్సరీలో కొన్న గులాబీ మొక్క ఎంత బాగా పూస్తోందో చెప్పింది. టైలరక్క టేపు పట్టుకుని రెండుసార్లు కొలత తప్పింది. నాన్న పోయి పద్నాలుగేళ్లయినా, ఎవరైనా చెల్లెల్ని మెచ్చుకుంటే ఆమెకి ఇప్పటికీ గిట్టదు.

చిన్నప్పట్నుంచీ అంతే. డాక్టరైన నాన్న చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని నాడి చూడటం నేర్పించాడు. తల్లిలేని ఆ మేడలో పెద్దదానికి దక్కింది తాళాలగుత్తీ, వంటిల్లూ. అలాంటి నాన్నని ఒక మధ్యాహ్నం ఎవరో పైగదిలో తలమీద కొట్టి చంపారు. మందులు నూరే ఇనుప రోకలి కనిపించలేదు. హంతకుడూ దొరకలేదు. కింద గదిలో జ్వరంతో పడుకున్న చెల్లెలిమీద అనుమానం పడింది. రుజువు లేక వదిలేశారు గానీ, ఊరు వదల్లేదు. ఆమెకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. మేడకి తాళం పడింది. అక్క మాత్రం మందుల షాపతన్ని పెళ్లి చేసుకుంది.

పడగొట్టించడానికి మేడని ఈమధ్యే అమ్మేశారు. కొలతలావిడ వెళ్లిన కాసేపటికి, అక్కడ కలప విప్పుతున్న వడ్రంగి ఒక మూట తెచ్చి మిషను పక్కన పెట్టాడు.

“అటకమీద చెక్కల వెనకాల ఇరికించి ఉందమ్మా. మీ ఇంటి సామాను కదా అని విప్పలేదు.”

అతను వెళ్లాక విప్పింది. తుప్పుపట్టిన రోకలి. దాని చుట్టూ గోధుమరంగు మరకలు కట్టిన మగవాళ్ల చొక్కా. ఆమె చూపు జేబుమీద ఆగిపోయింది. లోపలివైపు ఎవరికీ కనబడకుండా వేసిన రెండు వరసల కుట్టు ఆమెదే. పెళ్లికి ముందు ఎవరికీ తెలియకుండా తన మందుల షాపతనికి కుట్టి ఇచ్చిన చొక్కా అది.

ఆమె మూటతో లోపలికి వెళ్లింది. భర్త షాపుకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాడు. మూట చూసి మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

“ఆ రోజు పెరటి గేటు దగ్గర మీ సైకిలు చూశాను. కింద ఉన్న చెల్లెలికోసం వచ్చారనుకున్నాను, పైకి వెళ్లారని ఎన్నడూ తోచలేదు,” అంది.

“మీ చెల్లెలికోసమా? నిన్ను ఇమ్మని అడగడానికొచ్చాను. మీ నాన్న నవ్వాడు. పొట్లాలు కట్టుకునేవాడివి, నా గడప తొక్కడానికి నీకెంత ధైర్యం అన్నాడు. రోకలి చేతికందింది.”

తర్వాత చొక్కా విప్పి రోకలికి చుట్టి అటకమీద దాచాననీ, బనియన్‌మీదే పెరట్లోంచి వెళ్లిపోయాననీ, పోలీసులు చెల్లెల్ని వదిలేసినప్పుడు ఇక ఎవరికీ ఏమీ కాదనుకున్నాననీ చెప్పాడు. ఆమె వింటోంది గానీ, ఆమెకి కనిపిస్తున్నది ఆ గేటే. ఆ రోజు కుట్టుక్లాసునుంచి ముందే వచ్చి, సైకిలు చూసి, అసూయతో ఒళ్లు మండి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. లోపలికి అడుగు పెట్టుంటే నాన్న బతికేవాడేమో. పోలీసులు అడిగితే సైకిలు మాట మింగేసి, ఇంట్లో చెల్లెలొక్కతే ఉందని చెప్పింది.

ఆమె మూట కట్టేసి బయటికి నడిచింది. అతను ఆపలేదు, పారిపోనూ లేదు.

నర్సరీలో చెల్లెలు కుండీల్లో మట్టి నింపుతోంది. అక్క గుమ్మంలోనే నిలబడి, చొక్కా దగ్గర్నుంచి సైకిలు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెల్లెలి చేతులు మట్టిలోనే ఆగిపోయాయి.

“ఇన్నేళ్లూ నన్ను చూసినప్పుడల్లా ఏమనుకున్నావే అక్కా?”

“నాన్నా నీవాడే అయ్యాడు, అతనూ నీవాడే అవబోయాడు అనుకున్నాను. చంపావని ఒక్కరోజూ అనుకోలేదు. అనుకోకపోయినా ఊరు అంటుంటే ఊరుకున్నాను. నాలుగు తిట్టవే.”

చెల్లెలు పంపు కింద చేతులు కడుక్కుంది. తర్వాత నర్సరీకి తాళం వేసి, అక్క ముందు నడుస్తుంటే, నాలుగడుగుల వెనకగా పోలీస్ స్టేషన్ దాకా వచ్చింది.

రాసిన వాంగ్మూలం చదువుకుని సంతకం పెట్టమన్నారు. అక్కకి కన్నీళ్లతో అక్షరాలు ఆనలేదు. చెల్లెలు కాగితం తీసుకుని పైకి చదవసాగింది. ‘చెల్లెలిమీద అసూయతో ఆనాడు నేను నిజం దాచాను’ అన్న చోట ఆగిపోయింది.

“ఈ ముక్క అక్కర్లేదు. కొట్టేయించు,” అంది మెల్లగా.

“ఉండనీ. పద్నాలుగేళ్లు ఆలస్యంగా రాయించాను. చదువు.”

చెల్లెలు కళ్లు తుడుచుకుని, అక్కకి ఆనుకుని కూర్చుంది. ఆ ముక్కతో సహా చివరిదాకా చదివింది.