రెండు జెండాల సారు

"ఇది ఒక జెండానా, రెండు జెండాలా? కళ్ళజోడు పెట్టుకుని మరీ తప్పు రాశారే!"

మా మ్యూజియంలో చేరిన మొదటి రోజే ఆమె నాకు చేసిన సన్మానం ఇది.

పాత రోమన్ కంచు నాణేలను గుర్తుపట్టి కవర్ల మీద వివరాలు రాయడం నా పని. వాటికి పట్టిన మట్టిని మైక్రోస్కోప్ కింద సూదితో తీసే పనికి ఆమె కాంట్రాక్టు మీద వచ్చింది. నాణెం వేలిగోరంత ఉంటుంది. ఒకవైపు చక్రవర్తి తల, రెండోవైపు ఇద్దరు సైనికులు, మధ్యలో జెండాలు. రెండుంటే ముందు కాలానిది, ఒకటే ఉంటే తర్వాతిది. నేను మట్టిలోంచే చూసి రెండని రాశాను. ఆమె మట్టి తీస్తే ఒకటే తేలింది.

ఆ పూట నుంచి నేను రెండు జెండాల సారునైపోయాను.

"సారూ, టీ ఒకటా, రెండా?"

"ఒకటే."

"మైక్రోస్కోప్ కింద చూసి చెప్తున్నారా, ఊరికే అంటున్నారా?"

ఉడుక్కునేవాణ్ని. కానీ ఆమె సెలవు పెట్టిన రోజు టీ కూడా సహించేది కాదు.

చూస్తుండగానే నాణేలు తగ్గిపోయాయి. అవి అయిపోతే ఆమె వెళ్ళిపోతుంది. అప్పుడే ఒక వెధవపని మొదలుపెట్టాను. ఆమె శుభ్రం చేసి పంపిన కవర్ల మీద 'గుర్తుపట్టలేం, మళ్ళీ శుభ్రం చేయాలి' అని రాసి తిప్పి పంపేవాణ్ని. పోనుపోను కవరు విప్పడం కూడా మానేశాను.

ఒక వానరోజు మా పెద్దసారు నేను తిప్పి పంపిన కవర్ల పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఏం నాయనా, కవరుకి అమ్మాయి వేసిన టేపు వేసినట్టే ఉంది. విప్పకుండానే గుర్తుపట్టలేకపోయావా?"

పక్క బల్ల దగ్గర ఆమె కిసుక్కున నవ్వింది.

"నువ్వు నవ్వకమ్మా. ఇరవై కవర్లు నేనే విప్పాను. అన్నిట్లోనూ తల తళతళలాడుతోంది, జెండాల దగ్గర మాత్రం మట్టి అలాగే ఉంది. రేపు సాయంత్రానికి ఇవన్నీ తేలాలి!"

ఆయన వెళ్ళిపోయారు. ఆమె ముఖం ఎర్రబడింది. బయట వాన జోరందుకుంది.

"మట్టి ఎందుకు వదిలేశారు?" అన్నాను.

"మీరు తిప్పి పంపుతారని. మరి మీరెందుకు పంపారు?"

"మీరు వెళ్ళిపోతారని. మీరంటే నాకు చాలా ఇష్టమండీ."

"ఒక్క కవరు విప్పి చూసుంటే నా సంగతి నెల కిందటే తెలిసేది కదా, మొద్దు సారూ!"

మర్నాడు చివరి నాణేనికి ఆమె మట్టి తీసి నా ముందుకు జరిపింది.

"ఆదివారం మా ఇంటికి రండి. నాన్నతో మాట్లాడుదురుగాని. ముందు ఇది చెప్పండి, ఎన్ని జెండాలు?"

నేను ఆమెనే చూస్తున్నాను.

"ఒకటే," అన్నాను.

"రెండు! ఈ చూపుతో మా ఇల్లేం గుర్తుపడతారు? వీధి చివర నేనే నిలబడతాలెండి."