దుర్బీను తుపాకి

నస్పూర్ కాలనీలో హనుమండ్లుది, కొమురెల్లిది పక్కపక్క క్వార్టర్లు. ఇద్దరూ ఒకే బాయిలో బొగ్గు తీసేవాళ్లు. ఎండాకాలంలో బాయి కప్పు కూలింది. హనుమండ్లుకు ఎదురుగా నిలబడి తంబాకు నలుపుతున్న మనిషి బండల కింద పోయాడు. అప్పటినుంచి హనుమండ్లుకు ఏదీ మనసుకు తగలడం మానేసింది. అన్నం తింటాడు, రుచి తెలియదు. మనవడు పుట్టాడని ఫోనొస్తే మంచిదని పెట్టేశాడు.

చిన్నవాడైన కొమురెల్లికి ఇది చూడబుద్ధి కాలేదు. ఒక్కసారి అడవికి పోదాం, దుప్పి కంటబడితే ఎవని గుండెకాయైనా కొట్టుకుంటదని చలికాలం దాకా వెంటబడ్డాడు. దుప్పిని కొడితే జైలేనని ఇద్దరికీ తెలుసు. కాదనడానికి కూడా ఓపిక కావాలి కాబట్టి హనుమండ్లు సరేనన్నాడు.

బోథ్ అవతల ఒక పల్లెలో కొమురెల్లి మేనత్త దుర్గవ్వ ఉంటుంది. చేను మీద పడే పందుల కోసం ఆమె మొగుడు ఉంచుకున్న తుపాకులు, ఆయన పోయినా ఇంట్లోనే ఉన్నాయి. మంచం మీద గోనెసంచి పరిచి రెండూ పెట్టింది. ఒకటి జోడు గొట్టాలది. రెండోది దుర్బీను బిగించిన రైఫిలు.

కొమురెల్లి జోడు గొట్టాలది ఎత్తాడు. దాని ఛర్రా, ఆ సన్న గుండ్లు, దగ్గరి పందికి సరే గానీ, వాగు అవతలి దుప్పి మీద ఆవాలు చల్లినట్టే అని దుర్గవ్వ చెప్పింది. అట్లా రైఫిలు ఖాయమైంది. తూటాలూ రెండు రకాలున్నాయి. మొన దాకా రాగి ఉన్నవి ఇటునుంచి అటు దూసుకుపోతాయి, దెబ్బతిన్న జంతువు ఎక్కడో అడవిలో పడి చస్తుంది. మొన మీద సీసం కనిపించేవి లోపలే విచ్చుకుని ఉన్నచోటే పడేస్తాయి. కొమురెల్లి సీసం మొనలవి ఏరి, చిలుము తుడిచి జేబులో వేసుకున్నాడు. హనుమండ్లు రైఫిలు భుజానికి ఆనించి కిటికీలోంచి చూశాడు. ఎక్కడో గట్టు మీది పత్తిచెట్టు ముక్కు మీదికి వచ్చింది.

దుర్గవ్వ అతని మోచెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, దుర్బీన్ల కనవడ్డది ఉత్త కంటికి గూడ కనవడాలె. గప్పుడే కాల్చు."

ఎందుకని అడగాల్సింది. అడగలేదు.

మాపటికి వాగు ఒడ్డున మోదుగు చెట్ల చాటున బోర్లా పడుకున్నారు. కుళ్లిన ఆకుల వాసన, తడి ఇసుక వాసన. రాళ్ల మీద నీళ్ల గలగల. అవతలి దిబ్బ మీద ఎండ ఎర్రబడి, నెమ్మదిగా పైకి జరిగిపోతూ ఉంది. అంతదాకా అరిచిన పిట్ట ఒకటి అరవడం ఆపింది. ఇంకేదీ అరవలేదు.

దుర్బీనులో దుప్పి కనబడింది. చెవులాడిస్తూ ఉంది. మూతి చివర నీటిబొట్టు వేలాడుతూ ఉంది. హనుమండ్లు కన్ను పక్కకు తీసి చూశాడు. దిబ్బ మీద మట్టిరంగు మరక ఒకటి. దుప్పో, బండో.

కాల్చాడు.

చప్పుడు గుట్టల వెంట దొర్లుకుంటూ పోయింది. దుర్బీనులో దుప్పి కూలింది. హనుమండ్లు తన గుండె కోసం చూసుకున్నాడు. అది ఎప్పటిలాగే కొట్టుకుంటూ ఉంది. కొమురెల్లి అతని వీపు తట్టి, లాగు మడిచి వాగులోకి దిగాడు.

దోవ చూపడానికి హనుమండ్లు మళ్లీ దుర్బీనుకు కన్ను ఆనించాడు. కొమురెల్లి అవతలి ఒడ్డెక్కి, దుప్పి పడిన చోట వంగాడు. లేచాడు. ఏమీ లేదన్నట్టు రెండు చేతులూ తిప్పాడు.

అతని పక్కన ఎవరో ఉన్నారు.

గొంగడి కప్పుకున్న మనిషి. మొహం కనబడలేదు. కొమురెల్లి అటు చూడనే లేదు. హనుమండ్లు కన్ను తీశాడు... దిబ్బ మీద కొమురెల్లి ఒక్కడే. మళ్లీ చూశాడు... గొంగడి ఇప్పుడు ఇద్దరి మీదా ఉంది. చలికి వణికే పిల్లవాణ్ని దగ్గరికి తీసుకుని కప్పినట్టు.

కేక వేయాలని అతనికి తెలుసు. నోరు తెరిచాడు. కేక వేసేంత భయం లోపల ఎక్కడా దొరకలేదు.

"దొరకలే. పోదాం పా."

చెవి పక్కనే గుసగుస. కొమురెల్లి వెనకాల వంగి ఉన్నాడు. వాగు దాటి వచ్చిన మనిషి కాళ్లు పొడిగా ఉన్నాయి.

హనుమండ్లు ఇంకొక్కసారి దుర్బీనులోకి చూశాడు. అవతల కొమురెల్లి ఇంకా ఉన్నాడు. గొంగట్లోంచి మొహం ఒక్కటే బయటికి ఉంది. ఇటే చూస్తున్నాడు. నోరు బార్లా తెరిచి అరుస్తున్నాడు... చప్పుడు రాలేదు.

"ఏం జూస్తున్నవ్?" అని పక్కనున్నవాడు అడిగాడు.

"ఏం లే."

తుపాకిని గోనెలో చుట్టాడు. వాణ్ని బండి మీద వెనక కూర్చోబెట్టుకున్నాడు. దుర్గవ్వ గడప లోపలినుంచే తుపాకి అందుకుంది. మేనల్లుణ్ని ఒకసారి చూసింది. లోపలికి రమ్మనకుండా తలుపు వేసుకుంది.

కొమురెల్లి డ్యూటీకి పోతున్నాడు, తింటున్నాడు, నవ్వుతున్నాడు. హనుమండ్లు ఒకనాడు ఒంటరిగా ఆ వాగు దాకా పోయి వచ్చాడు. ఉత్త కంటికి దిబ్బ మీద గడ్డి తప్ప ఏమీ కనబడలేదు. తుపాకి అడగబోతే దుర్గవ్వ తలుపు తీయలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం కొమురెల్లి పెండ్లాం బాలలక్ష్మి వచ్చి పిలిచింది. పొద్దటి షిఫ్టు చేసి వచ్చిన కొమురెల్లి మంచం మీద నిద్రపోతున్నాడు. నోరు మూసుకునే ఉంది.

"జర చెవి వెట్టి ఇను, అన్నా," అంది బాలలక్ష్మి గొంతు తగ్గించి.

హనుమండ్లు వంగి అతని ఛాతీకి చెవి ఆనించాడు. ముందు రాళ్ల మీద నీళ్లు పారుతున్న చప్పుడు వినబడింది. ఆ చప్పుడు మీదుగా, చాలా దూరం నుంచి, కొమురెల్లి గొంతు. తోడు ఎవరైనా ఉన్నారా అని ఏడుస్తూ అడుగుతోంది.

దానికి గొంగడి చాటునుంచన్నట్టు ఇంకో గొంతు బదులిచ్చింది. అది నెమ్మదిగా, బాయి కూలిన నాటినుంచీ అక్కడే ఉంటున్న మనిషి గొంతులా ఉంది.

"భయపడకు తమ్మీ. నేనీడనే ఉన్న."

ఆ గొంతు హనుమండ్లుది.