నాలుగు వందల పది గంటలు

డాక్టర్ శ్రీపతి నారాయణగూడ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కినప్పుడు బతికే ఉన్నాడు. చిక్కడపల్లిలో ఆటో ఆగినప్పుడు లేడు.

మధ్యలో గడిచింది ఎనిమిది నిమిషాలు. నిద్రపోయాడనుకున్నాడు డ్రైవర్. "సార్, లేవుండ్రి. చిక్కడపల్లి వచ్చింది," అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది. మెడ మీద, కాలర్‌కు కొంచెం పైన, దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. ఒళ్లో పెట్టుకున్న బ్యాగు లేదు. పక్కన కూర్చున్న ఆడమనిషి దారిలోనే దిగిపోయింది. మొహానికి కొంగు చుట్టుకుని ఉండటంతో ఆమెను డ్రైవర్ పోల్చుకోలేడు.

సరిగ్గా ఆ ఎనిమిది నిమిషాల్లోనే శ్రీపతి ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ ఖాళీ అయ్యాయి.

*

చిక్కడపల్లిలో ఒక సందులో, మొదటి అంతస్తులో, టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇరవై మిషన్లు టకటకలాడుతూనే ఉంటాయి. అక్కడ నేర్చుకుని పరీక్ష పాసైనవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. లోపలి గదిలో మాట్లాడే మాటలు ఏ మైక్‌కూ దొరక్కుండా ఉండటానికే ఆ చప్పుడు.

పదకొండింటికి అనిత వచ్చి లోపలి గదిలో ఒక మిషన్ ముందు కూర్చుంది. ఏజెంట్ ట్వెంటీ త్రీ. అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ వైపు నుంచి నగరానికి బిల్డింగ్ పనికి వస్తే, ఆమె ఊళ్లోనే హాస్టల్లో ఉండి చదివింది. పదేళ్ల బడిలో ఒక్కసారి కూడా చెయ్యెత్తి ప్రశ్న అడగలేదు. టీచర్లకు ఆమె పేరు గుర్తుండేది కాదు. నిఘా డిపార్ట్‌మెంట్ ఆమెను ఏరి తీసుకుంది అందుకే.

చీఫ్ వెంకటరామయ్య తలుపు వేశాడు. "కొడుతనే ఉండు బిడ్డా, చేతులు ఆపకు. ఇరేజర్ పేరు విన్నవా?"

"విన్న సార్. ఫారిన్ రింగ్."

"దొంగలైతే నయముండె. వీళ్లు దొంగతనం చెయ్యరు, తుడిచేస్తరు. ఏదన్న కంపెనీకి ఒక రిసెర్చ్ నచ్చలేదనుకో, వీళ్లను పిలుస్తది. ముందు డేటా పోతది. తర్వాత కాపీలు. ఆఖరికి మనిషి. మూడు దేశాల్ల అయింది. ఇయ్యాల మన దగ్గర."

ఒక ఫొటో ముందు పెట్టాడు. ఊదారంగు గొట్టం లాంటి దీపం.

"హెలిబ్రాంట్ ల్యాంపు. గాలిల క్రిములు చస్తయని ఆరు వేల హాస్టల్ గదుల్ల బిగించిండ్రు, మంచాల మీద. ఇయ్యాల నాలుగింటికి నారాయణగూడల ఒక గర్ల్స్ హాస్టల్ల ఫంక్షన్. హెల్త్ ఆఫీసర్ అరుంధతి గారు బటన్ నొక్కుతరు. అన్నీ ఒక్కసారే వెలుగుతయి. రాత్రికి పిల్లలు వాటి కిందనే పండుకుంటరు."

"శ్రీపతి సార్ ఏం కనిపెట్టిండు?"

"ఆ ల్యాంపుకొక ఫిల్టర్ ఉంటది. నాలుగు వందల పది గంటలు పనిజేస్తది, అంతే. ఆ తర్వాత కన్నును కాల్చే కిరణం బయటికొస్తది. ఫిజిక్స్ ఆయనది. డాక్టర్లను వెంటబెట్టుకొని ట్రయల్ హాస్టళ్లల్ల అరవై ఒక్క మంది పిల్లల కండ్లు చూపించిండు. కంటిపొర కాలింది. ఇంత జేసి, ఆ హాస్టళ్లల్ల జ్వరాలన్న తగ్గినయా అంటే, ఒక్కటి తగ్గలే."

"ఈ ల్యాంపులు కొత్తవే గద సార్? ఇంక టైముంది."

"కొత్తవి గావు." వెంకటరామయ్య గొంతు తగ్గించాడు. "ఇంకో దేశంల అయిదు వందల గంటలు వెలిగినంక పీకేసినవి. రంగేసి మనకు పంపిండ్రు. నిన్న శ్రీపతి ఫోన్ల జెప్పింది ఇదే. రుజువులు పేపర్ మీదున్నయన్నడు. ఆ పేపర్లు లేకుంటే మన మాట ఎవరు వింటరు?"

హాస్టళ్ల జాబితా ఆమె ముందుకు జరిపాడు. పదహారో పేరు ఆమె చదివిన హాస్టల్. పై మంచం, కిటికీ పక్కది, ఆమెది. మిషన్ మీద అనిత వేళ్లు ఒక క్షణం ఆగాయి.

"ఆయన జేబుల ఇదొక్కటి మిగిలింది."

చిన్న చీటీ. పెన్సిల్ రాత. 5 సె. స్పై. 40. రే 2.

"పొద్దటి నుంచి మన ఎక్స్‌పర్ట్‌లు దీన్ని కంప్యూటర్ల బెట్టి విప్పుతున్నరు. ఏ దేశం కోడో అంతు చిక్కుత లేదు."

అనిత పెదవుల మీదికి నవ్వు వచ్చి ఆగింది. "కోడ్ కాదు సార్. జిరాక్స్ చీటీ. అయిదు సెట్లు, స్పైరల్ బైండింగ్, నలభై పేజీలు, రేపు రెండింటికి. నిన్న రాసిందైతే ఇయ్యాలనే. రాత జిరాక్స్ షాపు మాసన్నది. అశోక్‌నగర్. నేను రెండేండ్లు ఆడనే పోటీ పరీక్షలకు ప్రిపేరైన."

వెంకటరామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "హెలిబ్రాంట్ ఆఫీసుల మన మనిషి ఒకామె ఉంది. సంజన. తోడొస్తది. లైబ్రరీ ముందట కలువు." టేబుల్ సొరుగులోంచి పసుపు హైలైటర్ తీసి ఇచ్చాడు. "మూత రెండుసార్లు తిప్పితే నువ్వు ఏడున్నవో నాకు తెలుస్తది."

*

వేషం కట్టడానికి అనితకు అయిదు నిమిషాలు పట్టలేదు. వీపున బ్యాగు, చేతిలో నీళ్ల సీసా, కళ్లు మాత్రమే కనిపించేలా మొహానికి చుట్టిన చున్నీ. లైబ్రరీ ముందు అలాంటి అమ్మాయిలు మూడు వందల మంది ఉన్నారు.

సంజన మాత్రం ఒక్కతే ఉంది. నలగని పట్టుచీర, వేలికి పెద్ద పచ్చరాయి ఉంగరం, మోచేతికి తెల్లటి హ్యాండ్‌బ్యాగు. చెట్టు కింద చదువుకుంటున్న అబ్బాయిలు పుస్తకాలు దించి మరీ చూస్తున్నారు.

"అక్కా, గ్రూప్ వన్‌కా, గ్రూప్ టూకా?" అడిగింది అనిత.

"నోటిఫికేషన్ రానీ, చెప్తా."

కోడ్ సరిపోయింది. సంజన ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వా ఏజెంట్? పక్కన నిలబడినా ఎవరూ చూడరే నిన్ను. అదృష్టవంతురాలివి."

రెండింటికి మాసయ్య షాపులో ఉన్నారు. నాలుగు మిషన్లు ఒకేసారి నడుస్తున్నాయి. వేడి కాగితం వాసన. చీటీ అందుకుంటూ మాసయ్య చున్నీ వెనక ఉన్న కళ్లను పోల్చుకున్నాడు.

"నువ్వు అనితవు గదా? ఇంక ప్రిపేరే అయితున్నవా? నీ బ్యాచ్‌ల పోరగాండ్లు ఎమ్మార్వోలైండ్రు!"

"ఏం జేద్దామన్నా. నోటిఫికేషన్లు పడ్తలేవు."

"పడ్తయ్ తియ్. జర ఓపిక వట్టు."

అప్పుడు అతని చూపు సంజన మీద పడింది. పట్టుచీర, కారు తాళం. గబుక్కున కౌంటర్ పక్కనున్న కట్ట మీద గుడ్డ కప్పాడు. "ఇన్‌స్పెక్షన్ మేడమా?" అన్నాడు మెల్లగా.

"కాదు. మా కాగితాలు ఇవ్వు చాలు," అంది సంజన.

అయిదు స్పైరల్ పుస్తకాలు, ఒక ఒరిజినల్. అన్నీ తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని జిప్ వేసింది. ఇద్దరూ పక్క సందులోకి తిరిగారు. కారు ఆ చివర ఉంది.

బ్యాగులోంచి సన్నగా బుసబుసమని శబ్దం వచ్చింది. అడుగు నుంచి తెల్లటి చుక్క ఒకటి కారి సిమెంటు మీద పడింది. ఇంకొకటి. కాగితం గుజ్జు. బ్యాగులో ఉన్న ఏదో యాసిడ్ పుస్తకాలను కరిగించేస్తోంది.

అనిత ఆమె చేతివైపు చూసింది. లైబ్రరీ దగ్గర పైకి ఉన్న పచ్చరాయి ఇప్పుడు అరచేతి వైపు తిరిగి ఉంది. రాయి మధ్యలోంచి సూది మొన బయటికి వచ్చింది.

దోమ కుట్టినంత చుక్క.

"అయిదు కాపీలు, ఒక ఒరిజినల్. ఆరు. పని అయిపోయింది," అంది సంజన, చిరునవ్వు చెదరకుండా. "పాపం, ముసలాయన ఆటోలో నాకు జరిగి చోటిచ్చాడు. ఆయన పేరు ఇప్పుడు ఈ ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనూ లేదు. నీదైతే మొదటి నుంచీ ఎక్కడా లేదటగా? నాకు శ్రమ తక్కువ."

చెయ్యి చాచింది.

అదే క్షణంలో సందులోని కోచింగ్ సెంటర్ గేటు తెరుచుకుంది. క్లాసు వదిలారు. బ్యాగులు, సీసాలు, చున్నీలు చుట్టుకున్న మొహాలు వరదలా సందు నిండా కమ్ముకున్నాయి. అనిత ఒక్క అడుగు వెనక్కి వేసింది. అంతే. సంజన ముందు రెండు వందల వీపులు ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి.

*

మిర్చి బండి పక్కన మెట్టు మీద కూలబడింది అనిత. టైము రెండు నలభై. కాగితాలు లేవు. ఆరు వేల గదులు. పై మంచం, కిటికీ పక్కది.

ఎదురుగా ఇద్దరమ్మాయిలు మిర్చి తింటూ ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నారు.

"హెలిబ్రాంట్ ల్యాంపు ఫిల్టర్ ఎన్ని గంటలకు పాడయితది?"

"నాలుగు వందల పది. నెక్స్ట్."

"ఎంతమంది పిల్లలకు కంటిపొర కాలింది?"

"అరవై... రెండు?"

"ఒకటే! నెగటివ్ మార్కు పడ్తది పో."

అనిత మెట్టు మీంచి లేచింది. "చెల్లే, ఇదెక్కడిది?"

"మాసన్న కొత్త మెటీరియల్ అక్కా. పొద్దున్నే వచ్చింది. నువ్వు దీసుకోలేదా?"

ఆమె షాపుకు పరుగెత్తింది. మాసయ్య రెండు చేతులూ ఎత్తాడు. "నేనేం తప్పు జేయలేదమ్మా! ఎవరన్న మంచి నోట్సు తెస్తే ఒక కాపీ ఉంచుకుంటం. అశోక్‌నగర్‌ల అన్ని షాపులల్ల ఇదే రివాజు. సైన్స్ మీద ఇంత కొత్తది యాడ దొర్కుతది?"

గుడ్డ తీశాడు. కింద అరవై డెబ్భై స్పైరల్ పుస్తకాలు. అట్ట మీద పెద్ద అక్షరాలు: మాసయ్య మెటీరియల్, సైన్స్ అండ్ టెక్నాలజీ, తప్పక వచ్చే టాపిక్.

"పొద్దటి నుంచి రెండు వందలు పోయినయ్. ఎవడో టెలిగ్రామ్‌ల గూడ వెట్టిండు."

అనిత పేజీలు తిప్పింది. పట్టికలు, కళ్ల ఫొటోలు, ల్యాంపు లోపలి గంటల మీటర్ ఫొటో, ఆఖరి పేజీలో ల్యాబ్ ముద్ర. అన్నీ ఉన్నాయి. ఇరేజర్ సాఫ్ట్‌వేర్ పొద్దున్నుంచి ప్రపంచమంతా శ్రీపతి పేరు కోసం జల్లెడ పట్టింది. మాసయ్య పేరు కోసం వెతకాలని దానికెవరూ చెప్పలేదు.

"అన్ని కాపీలల్ల ఆయన పేరు మీద నా స్లిప్పు అంటించిన," అన్నాడు మాసయ్య తల దించుకుని. "పెద్దమనిషి ఏమనుకుంటడో. నిన్న ఆయనే అన్నడు, టైం దీసుకో గాని ముద్ర మంచిగ రావాలె అని."

"ఆయన పోయిండన్నా. పొద్దున. ఈ కాగితాల కోసమే."

మాసయ్య ఒక కాపీ తీసుకుని గోటితో స్లిప్పు గీకాడు. కింద నుంచి ఒక్కొక్క అక్షరం బయటపడింది. డాక్టర్ శ్రీపతి. "ఇది పట్కపో," అన్నాడు.

ఆమె ఫోన్ చేసి సంజన సంగతి చెప్పింది. అవతల వెంకటరామయ్య గొంతు. "అరుంధతి గారి ఫోన్ కలుస్త లేదు. హాల్ల ఫోన్లు పనిజెయ్యకుండ జామర్ వెట్టించిండ్రు. నేను టీంతోని వచ్చేసరికి నాలుగు దాటుతది. నువ్వే జెప్పాలె."

"నేనా సార్? అందరి ముందట?"

"ఇంకెవరున్నరు బిడ్డా?"

*

చిక్కడపల్లి మొత్తం జామ్. బస్సుల మధ్య నుంచి, బైకుల మధ్య నుంచి, నారాయణగూడ దాకా అనిత పరుగెత్తింది. హాస్టల్ గేటు దగ్గర చున్నీ మళ్లీ చుట్టుకుంది. అశోక్‌నగర్ కోచింగ్ నుంచి తిరిగొస్తున్న అమ్మాయిలతో కలిసి లోపలికి నడిచింది. ఎవరూ ఆపలేదు. ఎవరూ చూడలేదు.

మూడు యాభై ఎనిమిది. వేదిక మీద అరుంధతి. పక్కన మైకు పట్టుకుని సంజన. మధ్యలో ఎర్ర బటన్. పైకప్పుకు వరుసగా ఊదారంగు గొట్టాలు, ఇంకా వెలగనివి. వాటి కింద నాలుగు వందల మంది అమ్మాయిలు.

"పది నుంచి లెక్కపెడదామా?" అంది సంజన. "పది... తొమ్మిది..."

అనిత ఆఖరి వరుసలో నిలబడింది.   పదేళ్ల బడిలో ఒక్కసారీ లేవని చెయ్యి ఇప్పుడూ లేవలేదు.

"ఆరు... అయిదు..."

చున్నీ విప్పేసింది. చెయ్యెత్తింది. "మేడమ్! ఒక ప్రశ్న!"

 హాలంతా వినిపించింది. అరుంధతి వేలు బటన్ మీద ఆగింది.

"ప్రశ్నలు తర్వాత," అంది సంజన. "మూడు..."

"ఈ ల్యాంపుల ఫిల్టర్ నాలుగు వందల పది గంటలకే పోతది. ఇవి అయిదు వందలు వెలిగినయి. అవునా, కాదా?"

 ముందు వరుసలో ఒకమ్మాయి లేచింది. చేతిలో మాసయ్య మెటీరియల్. "అవును మేడమ్! పేజీ పన్నెండు!" మరొకామె లేచింది. "కండ్ల ఫొటోలు ఇరవై ఆరుల ఉన్నయ్!" "జ్వరాలు గూడ తగ్గలేదంట, ముప్పై ఒకటి చూడండి!" హాలంతా పేజీలు తిరిగే చప్పుడు.

సంజన నవ్వుతూనే మెట్లు దిగింది. అనిత దగ్గరికి వచ్చింది. "పాపం, అలిసిపోయింది," అంటూ మెడ వైపు చెయ్యి చాచింది. అనిత స్పైరల్ పుస్తకాన్ని అడ్డం పెట్టింది. సూది అట్టను, పీఠికను, మొదటి పదకొండు పేజీలను గుచ్చుకుని పన్నెండో పేజీలో ఇరుక్కుపోయింది. ఉంగరం వేలి నుంచి ఊడి రాలేదు. సంజన మొహంలో నవ్వు మొదటిసారి తుడిచిపెట్టుకుపోయింది.

అరుంధతి ఎలక్ట్రీషియన్‌ను పిలిచింది. "ఒక్కటి విప్పు." అతను స్టూలెక్కి గొట్టం తెరిచాడు. లోపల చిన్న మీటర్. అంకెలు గట్టిగా చదివాడు. "అయిదు వందల పన్నెండు, మేడమ్."

అరుంధతి బటన్ వైరును తన చేత్తోనే పీకేసింది.

సంజనను టీంకు అప్పగించడానికి అనిత హైలైటర్ మూత రెండుసార్లు తిప్పింది. అప్పటికే హాల్లో నాలుగు వందల జతల కళ్లు ఆమెనే చూస్తున్నాయి. ఇక ఎవరూ చూడని మనిషిగా ఆమె ఎప్పటికీ ఉండలేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

*

మూడు నెలల తర్వాత ఒక పోటీ పరీక్షలో ప్రశ్న వచ్చింది: హెలిబ్రాంట్ ల్యాంపుల ప్రమాదాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త ఎవరు? నాలుగు ఆప్షన్లు ఇచ్చారు. ప్రాథమిక కీలో సరైన జవాబు: సి) మాసయ్య.

వెంకటరామయ్య పేపరు మడిచి పెట్టాడు. "ఇరేజర్‌తోని గానిది మనోళ్లు జేసిండ్రు."

అనిత అప్పటికే అభ్యంతరం రాసేసింది. కింద తన పేరుతోనే సంతకం పెట్టింది. ఫారం చివర సన్నటి అక్షరాల్లో ఒక మాట ఉంది: రుజువుల నకలు జతపరచవలెను.

సూది రంధ్రం ఉన్న ఆ పుస్తకాన్ని బ్యాగులో వేసుకుని, జిరాక్స్ తీయించడానికి అశోక్‌నగర్ బయల్దేరింది.